ఎవరూ అడగని అర

నడివేసవిలో ఉన్ని స్వెట్టరు చంకన పెట్టుకుని ఉద్యోగానికి బయల్దేరే మనిషి ఆ వీధి మొత్తానికి ఆవిడ ఒక్కతే. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు చూసి, ఏం జబ్బో పాపం అనుకునేవారు. పాతవాళ్లకు సంగతి తెలుసు. పెద్దాసుపత్రి నేలమాళిగలో ఒక గది ఉంది. అక్కడ మనుషుల కోసం కాదు, యంత్రాల కోసం చల్లగా ఉంచుతారు. ఆ యంత్రాల బాగోగులు చూసేది ఈవిడే. ఆసుపత్రిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ డిస్కులక్క.

అసలు ఆ గదిలో ఏముంటుందే అని అత్తగారు ఒకసారి అడిగితే, ఆసుపత్రి జ్ఞాపకమంతా అక్కడే ఉంటుంది అత్తయ్యా అని చెప్పింది. ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, మందుల చీటీలు, ఎవరికి ఏ పూట ఏ సూది వేశారన్నది, అన్నీ వచ్చి చేరేది ఆ ఇనప బీరువాల్లోకే. మనిషెత్తు బీరువాలు, వాటినిండా పుస్తకాల్లా వరసగా నిలబెట్టిన డిస్కులు, ఒక్కోదానికి ఆవగింజంత పచ్చదీపం. దీపం పసుపురంగుకు తిరిగిందంటే ఆ డిస్కుకు ఓపిక అయిపోయినట్టు. ఆవిడ దాన్ని లాగేసి, కొత్తది తోసి, తలుపు వేస్తుంది. పైన వార్డుల్లో ఎవరికీ ఏమీ తెలియదు. తెలియకపోవడమే ఆ ఉద్యోగానికి మంచిపేరు.

ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ అక్కడ చేరింది కాగితాలు మోయడానికి. రికార్డుల గదిలోంచి వార్డులకు, వార్డుల్లోంచి రికార్డుల గదికి రోజంతా తిరుగుడే. కాగితాలు కంప్యూటర్లలోకి ఎక్కినప్పుడు వాటి వెనకే తనూ నేలమాళిగలోకి దిగింది. ఒక్కొక్కటే అడుగుతూ, రాసుకుంటూ, చివాట్లు తింటూ నేర్చుకుంది. ఫ్యాన్ల హోరులో మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదైపోయింది. ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వీధి చివరికి వినబడేది. భర్త రైలు గార్డు, వారంలో నాలుగు రోజులు బండి మీదే. ఇంటికొచ్చినప్పుడు, నా ఈల నా దగ్గరుందిలేవే, ఇంట్లో రెండోది దేనికి అని ఏడిపించేవాడు.

అత్తగారు ఇందుకు పూర్తిగా ఎదురు. నోట్లో నాలుక లేని మనిషి. మావగారు పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఉన్నప్పుడు ఆయనే ఇద్దరి తరఫునా మాట్లాడేవారు. పోయాక ఆ ఇంట్లో ఆవిడ ఉన్నట్టు గిన్నెలు కడిగిన చప్పుడుతోనే తెలిసేది.

ఆ ఏడాది పాత బీరువా తీసేసి కొత్తది పెట్టే పని పడింది. కొత్తది చెక్కపెట్టెలో వచ్చింది. పెట్టె ఒరిగితే ఎర్రబడే చీటీ ఒకటి దానికి అంటించి ఉంది. లిఫ్టు అంత బరువు మొయ్యదని, రోగుల బళ్లు దిగే వాలుమీదుగా ఆరుగురు దించారు. డిస్కులక్క ఆ చీటీ మీదే చూపు పెట్టి, ఊపిరి బిగబట్టి వెనక్కి నడుస్తూ దిగింది. తర్వాత వారం రోజులు బోల్టులు, తీగలు. ప్రతి యంత్రానికీ రెండు తీగలు, రెండు వేరువేరు దారుల్లో, ఒకటి తెగినా రెండోది నడిపించేలా. ప్రతి తీగకూ రెండు కొసల్లోనూ తన చేతిరాతతో పట్టీ అంటించింది.

ఆ తర్వాతే అసలు పని. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి మార్చాలి, కానీ ఆసుపత్రి ఒక్క నిమిషం ఆగకూడదు. కాపురం చేస్తున్న సంసారాన్ని, పొయ్యి మీది గిన్నె దించకుండా, నిద్రపోతున్నవాళ్లను లేపకుండా పక్కింట్లోకి మార్చడం లాంటిది. తల ప్రాణం తోకకొచ్చేది.

పాత బీరువాలో మొత్తం నలభై ఒక్క అరలు. అరలంటే చెక్క అరలు కావు. ఫలానా విభాగానికి ఇంత చోటు అని లోపల గీసిచ్చిన భాగాలు. ఒక్కోదానికి ఒక యజమాని ఉండాలి. యజమాని సంతకం పెడితేనే అర కొత్తదాంట్లోకి వెళ్తుంది. రోగుల సంగతులు దిక్కూమొక్కూ లేకుండా పడి ఉండకూడదని ఆసుపత్రి నియమం. ఇంకో నియమం ఆవిడ ఉద్యోగానికే ఉంది. పెట్టె మొయ్యొచ్చు, తెరిచి చూడకూడదు. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా తెరవలేదు.

ముప్ఫై ఎనిమిది అరలకు యజమానులు దొరికారు. మూడు మిగిలాయి. వాటికి ఆవిడ తన పద్ధతి పాటించింది. యజమాని తెలియని అరకు తీగ తీసేసి, అంటే పైన ఏ కంప్యూటరుకూ అది అందకుండా చేసి, ముప్ఫై రోజులు ఊరుకోవడం. కావలసినవాడు అరుస్తాడు. ఆ పద్ధతిని ఆసుపత్రిలో ప్రవేశపెట్టింది ఆవిడే. దానికి అరుపుల పరీక్ష అని పేరు కూడా పెట్టింది. మొదటి అర తీసిన ఇరవై నిమిషాలకు బట్టలుతికే విభాగం నుంచి ఫోను, ఏ వార్డు దుప్పట్లు ఏవో తెలియక నిండు గంపల మధ్య నిలబడ్డామని. రెండోదానికి తొమ్మిదో రోజున నర్సుల హాస్టలు వార్డెను స్వయంగా కిందికి దిగొచ్చి, చలికి వణుకుతూనే దులిపేసి పోయింది. డిస్కులక్క నవ్వుకుంటూ రెండింటికీ సంతకాలు చేయించుకుంది.

ఏడో నంబరు అర ఒక్కటి మిగిలింది. దాని కాగితాల్లో వెనక భవనం, పంతొమ్మిదో గది అని ఉంది. ఉత్తరం పంపితే అలాంటి గది లేదని తిరిగొచ్చింది. ఆ భవనంలో గదులకు ఎప్పుడో నంబర్లు మార్చారు. తీగ తీసేముందు వరకు దాన్ని ఎవరో రోజూ కాస్త కాస్త చదువుతున్న గుర్తులు కనిపించాయి కానీ, వైరస్ కోసం వెతికే సాఫ్ట్‌వేర్ కూడా అన్నిటినీ రోజూ అలాగే తిరగేస్తుంది, అదేలే అనుకుంది. వారం గడిచింది, ముప్ఫై రోజులూ గడిచాయి. ఎవరూ అరవలేదు. శుక్రవారం నాడు పాత బీరువా చెరిపేసే కాగితం మీద ఏడో అర ఎదురుగా 'ఎవరూ అడగలేదు' అని రాసి సంతకం పెట్టేసింది. సోమవారం పదింటికి చెరిపేవాళ్లు వస్తారు, నాలుగింటికి లారీ. దాని నకళ్లకు కూడా ఆదివారంతోనే గడువు తీరిపోతుంది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉంది. నాలుగింటికి వంటింట్లోకి వెళ్తే అత్తగారు గట్టుకు ఆనుకుని నిలబడి టీ తాగుతోంది. ఊరికే పలకరింపుగా, కూర్చుని తాగొచ్చుగా అంది. రెండు గుక్కలకి కూర్చోడం ఒకటా అని ఆవిడ తేల్చేసింది. డిస్కులక్క గ్లాసు తీసుకుని వెళ్లబోయి ఆగింది. నిన్న కూడా ఆవిడ నిలబడే తాగింది. కిందటి ఆదివారం కూడా.

"రోజూ ఇలాగే తాగుతున్నారా అత్తయ్యా?"

అత్తగారు గ్లాసులోకి చూసుకుంది. "ఆ కుర్చీ తీసేశావుగా."

బాల్కనీలో రెండు పేము కుర్చీలు ఉండేవి. మావగారూ అత్తగారూ ఎదురుబొదురుగా కూర్చుని సాయంత్రం టీ తాగే కుర్చీలు. నెల కిందట బట్టలారేసే స్టాండుకు చోటు చాలక, ఎలాగూ కూర్చునేది ఒక్కరేగా అని ఆయన కుర్చీ తీసి మెట్ల కింద పెట్టింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని నాలుగు రోజులు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ సంగతి అంతటితో మరిచిపోయింది.

"మీ కుర్చీ ఉందిగా అత్తయ్యా."

"ఉంది. ఒక్కటే ఉంటే గోడకేసి చూస్తూ తాగినట్టుంటుందే. అదుంటే ఆయన లోపలికి వెళ్లారు, వస్తారన్నట్టుండేది."

"నాతో చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? మనిషే లేడు, కుర్చీ దేనికి అన్నావనుకో, నా దగ్గర జవాబు లేదు. నీకు అడ్డొచ్చిందేమోలే అనుకున్నా." తప్పు చేసినదానిలా అంది. "అలవాటు చేసుకుంటున్నాలేవే."

డిస్కులక్క గ్లాసు గట్టుమీద పెట్టేసింది. మెట్ల కిందికి వెళ్లి కుర్చీ లాగి, పైట కొంగుతోనే దుమ్ము తుడిచి, బాల్కనీలో ఉన్నచోటే పెట్టింది. ఇప్పుడు బట్టలెక్కడ ఆరేస్తావే అని అత్తగారు వెనకాలే వచ్చింది. బట్టలదేముంది, అవి నిలబడి ఆరతాయిలెండి, మీరు కూర్చోండి అంది. చాలా రోజుల తర్వాత అత్తగారు పెదవి విప్పి నవ్వింది.

ఆ నవ్వు చూస్తూ ఉండగానే డిస్కులక్కకు శుక్రవారం నాటి కాగితం గుర్తొచ్చింది. ఎవరూ అడగలేదు అని తను రాసిన అక్షరాలు కళ్లముందు కదిలాయి. అడగకపోతే అక్కర్లేదనా? ఈ ఇంట్లో ఎదురుగా తిరిగే మనిషి నెల్లాళ్లు నిలబడి టీ తాగితే తనకు కనబడలేదు. అంత పెద్ద ఆసుపత్రిలో ఏ మూల ఎవరు నిలబడి తాగుతున్నారో.

అప్పటికప్పుడు పెద్దసారుకు ఫోను చేసింది. కంప్యూటర్ల విభాగానికి ఆయన అధికారి. వయసులో ఆవిడకన్నా పదేళ్లు చిన్న, అక్కా అనే పిలుస్తాడు. ఒక్క వారం గడువు అడిగింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. అరవనివాడికి అక్కర్లేదని లెక్క, ఆ లెక్క నాకు నేర్పింది మీరే కదక్కా అన్నాడు. లారీ కుదిరిపోయింది, పాత బీరువా ఒప్పందం రేపటితో ముగుస్తుంది. పదిలోపు యజమానిని తీసుకురండి, ఆపేస్తాను. లేదంటే మీ సంతకమే చెల్లుతుంది. అందులో కోపం లేదు, అబద్ధమూ లేదు.

సోమవారం ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉంది. గుమ్మం గుమ్మం తిరిగింది. మీ కంప్యూటర్లో ఏమైనా పోయిందా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, పోతే ఊరుకుంటామా అని. అదీ నిజమే. ఊరుకోనివాళ్లనే అడుగుతోంది తను. తొమ్మిదిన్నరకు కాళ్లు పీకి మెట్ల మీద కూలబడితే, ఊడ్చే ఆవిడ చీపురు ఆపి, ఏంటక్కా, మీ చలిగదిలో ఊపిరాడ్డం లేదా అని పలకరించింది. ఆసుపత్రిలో ఆవిడ చీపురు చేరని గది లేదు. డిస్కులక్క ఈసారి వేరేలా అడిగింది. ఈ నెల్లాళ్లలో ఏ గదిలోనైనా పని చేసే తీరు మారిందా అని.

ఊడ్చే ఆవిడ గడ్డం కింద చీపురు కర్ర ఆనించి ఆలోచించింది. "వెనక షెడ్డులో పిండి ఎక్కువైందక్కా. ఇదివరకు వారానికో చేటెడు వచ్చేది. ఇప్పుడు రోజూ బకెట్టు. ఊడ్చి ఊడ్చి నా నడుం పడిపోయింది. అడిగితే ఆ మేస్త్రి పలకడు."

వెనక షెడ్డంటే వెనక భవనం చివర, పెట్టుడు కాళ్లు చేసే చోటు. తలుపు మీద పాత నంబరు సున్నంతో కొట్టేసి ఉంది. లోపల గోడకు పిక్కలు, పాదాలు, మోకాలి కీళ్లు మేకులకు వేలాడుతున్నాయి. నేలంతా పిండికట్టు పిండి. కాళ్ల మేస్త్రి అరవైకి దగ్గరి మనిషి, పొడుగ్గా, కళ్లద్దాలకు దారం కట్టుకుని, ఒక పాదాన్ని తిప్పి తిప్పి అరగదీస్తున్నాడు. మూలన బల్లమీద కంప్యూటరు ఉంది. దానిమీద తెల్ల గుడ్డ నిండుగా కప్పి ఉంది.

ఏడో అర ఇదేనని ఆవిడకు ఆ గుడ్డ చూడగానే తెలిసిపోయింది. ఎన్నాళ్లయింది అది పనిచేసి అని అడిగింది. మేస్త్రి చేతిలో ఆకురాయి ఆగిపోయింది. లోగొంతుకతో చెప్పాడు.

"నేనే చెడగొట్టానమ్మా. ఆవేళ పొద్దున పొయ్యి వేడెక్కాలని కంప్యూటరు ప్లగ్గు లాగి పొయ్యిది పెట్టా. మళ్లీ తగిలించి చూస్తే కొలతలన్నీ మాయం."

నెల్లాళ్లుగా ఆయన ఎవరికీ చెప్పలేదు. రెండేళ్లలో ఉద్యోగం ముగుస్తుంది, ఈ వయసులో మాట పడటం దేనికని. పన్నెండేళ్ల కొలతలు అందులో ఉన్నాయి. ఆరువందల పైచిలుకు మనుషులవి. కాలు తెగినచోటు ఆకారం స్కానరుతో ఒకసారి తీసుకుంటే, తర్వాత ఎన్నిసార్లు కాలు మార్చినా మళ్లీ పిండికట్టు వేసి అచ్చు తీయక్కర్లేదు. అచ్చు తీయడం నొప్పి. పుండున్నవాళ్లకైతే మరీ. ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ మళ్లీ అచ్చు తీస్తున్నాడు. గోడ చూపించాడు. కిటికీ పక్కన మనిషెత్తున పెన్సిలు అంకెలు. ఇళ్లకు వెళ్లిపోయిన మనుషుల కొలతలు గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాసుకుంటున్నాడు. నూటపది దాకా వచ్చాయి, మిగతావి చేతికి తెలుసుగానీ నోటికి రావట్లేదమ్మా అన్నాడు.

డిస్కులక్క గడియారం చూసింది. పదీ పది.

పరుగెత్తింది. వాలుమీదుగా, స్వెట్టరు లేకుండా, జుట్టు ఊడిపోయి, నేలమాళిగలో దూరేసరికి చెరిపేవాళ్లు ఇద్దరు పని మొదలెట్టేశారు. వాళ్ల పద్ధతి సులువైనది. అయస్కాంతం ఉన్న పెట్టెలో డిస్కు పెట్టి మీట నొక్కడం. ఒక దెబ్బ చప్పుడు, అంతే, అందులో ఏముందో దేవుడికి కూడా దొరకదు. ఏడో అర ఉన్న వరసలోంచి రెండు డిస్కులు అప్పటికే అయిపోయాయి. మూడోది ఒకతని చేతిలో ఉంది.

"ఆగండి" అంది. ఆ గొంతుకు ఫ్యాన్ల హోరు కూడా తగ్గినట్టయింది. అతను డిస్కును గుండెకు హత్తుకుని నిలబడిపోయాడు.

ఒక అర ఒక డిస్కులో ఉండదు. కొంచెం కొంచెంగా వరసంతా పరిచి ఉంటుంది. ఏ రెండు డిస్కులు పోయినా మిగిలినవన్నీ కూడబలుక్కుని పోయినవాటి మాట కూడా చెప్పేస్తాయి. మూడోది పోతే మాత్రం దేని మాటా దేనికీ అర్థం కాదు. ఆవిడ ఆ మూడోదాన్ని అతని చేతుల్లోంచి చంటిపిల్లను అందుకున్నట్టు అందుకుని, ఉన్నచోటే తోసింది. పచ్చదీపం వెలగడానికి పట్టిన ఆ కాసేపూ ఆ గదిలో ఎవరూ కదల్లేదు.

పెద్దసారు దిగి వచ్చాడు. చెప్పింది విన్నాడు, అయస్కాంతం పెట్టె వైపు చూశాడు, మొహం తుడుచుకున్నాడు. యజమాని సంతకం లేకుండా ఏడో అరను కొత్తదాంట్లో ఉంచే వీల్లేదనీ, నాలుగింటిలోపు సంతకమూ కావాలి, నకలూ పూర్తవ్వాలనీ చెప్పి, టీ తాగి రమ్మని చెరిపేవాళ్లను బయటికి తీసుకెళ్లాడు. ఆయన చెయ్యగలిగింది అంత.

నకలు మొదలైంది. రెండు డిస్కులు లేని వరస ఊతకర్రల మీద నడిచే మనిషిలా మెల్లగా కదిలింది. డిస్కులక్క కళ్లల్లో వత్తులు వేసుకుని దీపాలు చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. చలికి పళ్లు టకటకలాడుతుంటే తన స్వెట్టరు ఇచ్చింది. దానిమీద ఊదారంగు పువ్వులు. ఆయన మొహమాటపడుతూనే తొడుక్కున్నాడు, చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. కాగితం ముందు పెట్టి, యజమాని అన్నచోట సంతకం చెయ్యమంది.

ఆయన కలం పట్టుకోలేదు. కాగితం అటూ ఇటూ తిప్పాడు. "నా వల్ల చెడిందని ఇందులో ఎక్కడైనా రాసుందామ్మా?"

ఒంటిగంటన్నరకు ఒక డిస్కు దీపం పసుపురంగుకు తిరిగింది. ఆవిడ చూపు అక్కడే ఉంది, మాట మాత్రం ఆయనతో. "మీ ప్లగ్గుకీ దీనికీ ఏ సంబంధం లేదు మేస్త్రీ గారూ. ఆవేళ తీగ తీసింది నేను. ఎవరిదో తెలియక, ఎవరైనా అరుస్తారేమో చూద్దామని తీశాను. మీరు అరవలేదని చెరిపెయ్యమని సంతకం కూడా పెట్టాను. ఇదిగో చూడండి, నా చేతిరాతే."

మేస్త్రి ఆ కాగితం దగ్గరగా పెట్టుకుని చదివాడు. ఎవరూ అడగలేదు.  కోప్పడతాడేమో, కోప్పడితే బావుండుననే ఆవిడ ఎదురుచూసింది. ఆయన నెల్లాళ్లుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. 

"అంటే నేను కాదు" అన్నాడు.

"మీరు కాదు."

"ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పలేదమ్మా. అన్నం తినకపోతే కడుపునొప్పి అని చెప్పా." కళ్లద్దాలు తీసి తుడుచుకుని, కలం అందుకున్నాడు. మళ్లీ ఆగాడు. ఈ కాళ్లు నావి కావు కదా, వాళ్లవి కదా, నేను యజమానినని ఎలా రాయను అన్నాడు. చూసుకునేవాళ్లనే యజమాని అంటారు ఇక్కడ అని ఆవిడ చెప్పింది. అప్పుడు పెట్టాడు సంతకం. అక్షరాల పక్కన తెల్లటి పిండి వేలిముద్రలు పడ్డాయి.

పసుపు దీపం అలాగే వెలుగుతూ నెట్టుకొచ్చింది. మూడూ పదికి నకలు పూర్తయింది. ఒక్క కొలత పోలేదు. డిస్కులక్క లేచి నిలబడబోతే మోకాళ్లు పట్టేశాయి, మేస్త్రి చెయ్యి అందించాడు. కాళ్ల సంగతి తెలిసిన చెయ్యి, ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుంది.

మర్నాడు షెడ్డులోని కంప్యూటరును కొత్త అరకు కలపడానికి తనే వెళ్లింది. అప్పటికే బెంచీ మీద పోస్టావిడ కూర్చుని ఉంది. ఊళ్లో ఉత్తరాలు పంచే ఆవిడ, పెట్టుడు కాలు మీదే పదకొండు వీధులు తిరుగుతుంది. కాలు ఊడదీసి పక్కన పెట్టుకుని, అచ్చు తీయించుకోవడానికి ఈ నెలలో ఇది నాలుగోసారి అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. డిస్కులక్క బల్ల కింద దూరి తీగ తగిలించింది. మేస్త్రి గుడ్డ తీసి, మడతపెట్టి, పోస్టావిడ కొలత తెరిచాడు. మోకాలి కింది ఆకారం తెరమీద మెల్లగా తిరిగింది. పాతమిత్రుడు ఎదురైనట్టు ఆయన తలాడించాడు.

"ఈవేళ పిండికట్టు అక్కర్లేదమ్మా. కొలత దొరికింది. శుక్రవారం వచ్చి తొడుక్కుని వెళ్లిపో."

"దొరికిందా? ఇన్నాళ్లూ ఎక్కడికి పోయింది? మూడుసార్లు సెలవు పెట్టి తిరిగాను. నా వీధుల ఉత్తరాలన్నీ ఎవడో తప్పు గుమ్మాల్లో పడేశాడు."

మేస్త్రి అలవాటు చొప్పున తల దించుకున్నాడు. డిస్కులక్క బల్ల కిందినుంచి బయటికొచ్చి, మోకాళ్ల మీదే ఉండి చెప్పింది.

"ఆయన తప్పు కాదండీ. తీసింది నేను. ఎవరిదో అడక్కుండా తీశాను."

పోస్టావిడ ఆవిడను కిందినుంచి పైదాకా చూసింది. "ఎందుకు అడగలేదు?"

"ఉత్తరం రాశానండీ. తిరిగొచ్చింది."

"ఉత్తరం తిరిగొస్తే మనిషి లేడనుకుంటారా? ఇరవై ఏళ్లుగా పంచుతున్నా నేను. వెళ్లి తలుపు తట్టాలి. తట్టి ఆగాలి. ముసలివాళ్లయితే ఇంకాసేపు ఆగాలి, వాళ్లు లేచి రావాలి కదా."

ఇకమీదట అలాగే చేస్తానని డిస్కులక్క ఒప్పుకుంది. ఎంతసేపు ఆగాలో కూడా అడిగింది. పోస్టావిడ కాలు తగిలించుకుంటూ, చెప్పుల చప్పుడు వినబడేదాకా అని చెప్పి సంచి భుజాన వేసుకుంది. మేస్త్రి గుమ్మం దాకా వెళ్లి, బయట వరసలో ఉన్నవాళ్లలో తర్వాతి మనిషిని కాస్త గట్టిగానే లోపలికి పిలిచాడు.